పంచసంఖ్యావహనము, అనగా జల్లెడ నడిమిగది దాటిన వైనము

ఓ జ్ఞాపకశక్తీ! పిలిచినప్పుడు పలుకనిదానా, పిలువనప్పుడు స్నానాలగదిలో తలపై నీళ్లు పోసుకొనుచుండగా ప్రత్యక్షమగుదానా, కళ్లజోడును నెత్తిమీదనే ఉంచి ఇల్లంతా వెదికించుదానా! ఒక్క గడియ మా గుమ్మమున నిలువుము. నీవు లేనిదే సాగని గాథ నొకదానిని చెప్పబోవుచున్నాను. నడుమ నీవు విడిచిపోయితివా, నేనేమి చెప్పుచుంటినో నాకే తెలియదు.

అది సాయంసమయము. దినమంతయు కాసి కాసి అలసిన సూర్యుడు దర్జీదుకాణపు అద్దాల తలుపును దాటివచ్చి, ఇస్త్రీబల్లపై వెచ్చగా మేనువాల్చి యుండెను. ఆ దుకాణము త్రిగదీవిభాగశోభితమైన మహాసామ్రాజ్యము. వీధివైపున కొలతల గది. అందు మెడలో టేపుహారము ధరించిన అమ్మ, వచ్చినవారి దేహములను అంగుళములలోనికి మార్చుచుండును. వెనుకవైపున కత్తెర గది. అందు చెవిపై సుద్దముక్కను నిలిపిన నాన్న, బల్లమీద పరచిన గుడ్డను కరకరమని ఖండించుచుండును. ఈ రెంటి నడుమ నున్నది నడిమిగది. అందు నాన్నకు అక్కయు, జల్లెడకు మేనత్తయు నగు అత్తయ్య కుట్టుమిషను నధిరోహించి యుండును. ఆ మిషను మోటారు ఘుర్ఘురధ్వానము ఎంతటిదనగా, ముందుగదిలో అమ్మ గొంతు చించుకొని అరచినను వెనుకగదిలో నాన్నకు అది తన మోకాలు కలుక్కుమన్నంత మాత్రముగ కూడ వినబడదు.

అందువలన ఆ ఇంటిలో తరతరాలుగా నొక ఆచారమున్నది. అమ్మ కొలిచిన అంకెలను ఒకరు తలలో పెట్టుకొని, నడిమిగది దాటి, నాన్న యెదుట అప్పజెప్పవలెను. నాన్న వానిని నేరుగా గుడ్డపై సుద్దతో గీయును. పొడుగు, భుజము, ఛాతీ, చేయి, మెడ. ఈ వరుస ఎన్నడును మారదు గనుక పేర్లు చెప్పు పని లేదు, అంకెలు చాలును. ఒకప్పుడు చీటీలపై రాసి పంపెడివారట. ఒక చీటీ గుడ్డపీలికలలో కలిసిపోయి, ఒక పెద్దమనిషి కాలరులో కుట్టువడి, ఆయన ఎవరికి తలయూపినను మెడలో కరకరమని మ్రోగిన నాటినుండి ఆ పద్ధతి రద్దయ్యెను.

ఇంతకాలము ఈ కొలతలను మోసినవాడు జల్లెడ అన్న. అన్నకు కొరియరు కంపెనీలో ఉద్యోగము దొరికి, ఆ ఉదయముననే బండెక్కి పోయెను. సింహాసనము ఖాళీ అయ్యెను.

"ఎదురింటి పిల్లని పెట్టుకుందాం రా తమ్ముడూ," అని అత్తయ్య మిషను ఆపి వెనుకగదిలోనికి కేక వేసెను. "ఏది చెప్పినా చిలకలా అప్పజెప్తుంది."

"మరి నేనున్నాగా!" అనెను జల్లెడ.

"నువ్వా? నిన్న ఉప్పు తెమ్మంటే పిల్లిని తెచ్చావు."

"అది దారిలో కనపడింది అత్తా."

ఎవరీ జల్లెడ? ఆరవ తరగతి చదువుచున్న ఈ ఇంటి కూతురు. చంచలచరణ, చపలలోచన, ఒకే జడకు రెండు రంగుల రిబ్బన్లు ధరించిన ధీర. ఏది పోసినను క్రిందికే పోవునని అన్న పెట్టిన బిరుదు అది. పెట్టిన పేరు బడిలో ఒకటున్నది గాని, ఆ పేరుతో పిలిచినచో ఆమె వెనుదిరిగి చూచుటకు కొంత సమయము పట్టును.

ఆమెను పరీక్షించిన డాక్టరు, దీనిని ఏడీహెచ్‌డీ, అనగా మనసు ఒకచోట నిలువని స్థితి, అందురని, ఇది పొగరును కాదు, బద్ధకమును కాదని చెప్పి, జ్ఞాపకశిక్షణ నిచ్చు ఒక టీచరమ్మ వద్దకు పంపెను. ఆ టీచరమ్మ అమ్మను ఎదుట కూర్చుండబెట్టి ఇట్లు వివరించెను:

"మనందరి తలలో ఒక చిన్న పళ్లెం ఉంటుందండీ. ఇప్పటికిప్పుడు పనికి కావలసినవి దాని మీద పెట్టుకుంటాం. దాన్నే వర్కింగ్ మెమరీ అంటాం. మీ అమ్మాయి పళ్లెం కాస్త చిన్నది. పైగా దాన్ని పట్టుకుని గెంతుతూ ఉంటుంది."

అటుపిమ్మట ట్యాబుపై సమరము మొదలయ్యెను. తెరపై గడులుండును. ఒకటి వెంట ఒకటి వెలుగును, ఆరిపోవును. ఏవి వెలిగెనో చివరినుండి మొదటికి తిరగేసి తాకవలెను. ప్రారంభమున జల్లెడ రెండు గడులకే చతికిలబడెను. క్రమక్రమముగా పుంజుకొని, ఎన్ని దీపములు వెలిగినను వెనుకనుండి వరుసగా పొడిచి, కృత్రిమ కరతాళధ్వనులతో తెరను మార్మ్రోగించు స్థితికి ఎదిగెను. అయినను టీచరమ్మ మాట దాచలేదు.

"ఆటలో గెలిస్తే ఇంట్లో అన్నీ వాటంతట అవే గుర్తుంటాయని నేను మాటివ్వలేనమ్మా. ఆటలో నేర్చింది ఎక్కువగా ఆటలోనే కనబడుతుంది. ఇంట్లో నిజం పనులు చెప్పండి. తప్పులు చెయ్యనివ్వండి."

తప్పులు చేయనిచ్చుటలో ఆ ఇంటివారు ఏనాడును లోపము చేయలేదు. నిజం పని మాత్రము ఎవరును ఇచ్చి యుండలేదు.

ఇప్పుడు జల్లెడ కత్తెర గది గడపపై నిలిచి, "నేను చేస్తా నాన్నా," అనెను.

ఈ మూడు మాటల విస్తరణము చిత్తగింపుడు: "ఓ వస్త్రవిచ్ఛేదనవిశారదా, జనకా! ఈ ఇంట ప్రతివారి చేతికిని ఒక పని కలదు. నా చేతికి మాత్రము ఎల్లప్పుడును ఒక బిస్కత్తునిచ్చి ప్రక్కకు కూర్చోమందురు. కొలతల మోతను నాకిమ్ము. ఇయ్యనిచో, ఎదురింటి పిల్ల నా ఇంటిలో, నా నడిమిగదిలో, నా తండ్రికి అంకెలు చెప్పుచుండగా నేను ఇస్త్రీబల్ల క్రింద కూర్చుండి వినవలసివచ్చును. అంతకన్న అవమానము ముల్లోకములలో గలదా?"

నాన్న ఇదంతయు వినలేదు. మూడు మాటలే వినెను. అయినను కూతురి ముఖము చూచి సుద్దముక్క చేతబట్టి, "సరే, వెళ్లు. లెక్కల మాస్టారొచ్చారు, ఆయన కొలతలు పట్రా," అనెను.

లెక్కల మాస్టారు దీపస్తంభమువలె నిడుపైనవాడు, దీపస్తంభమంత సన్ననివాడు. అమ్మ టేపును ఆయన చుట్టు త్రిప్పి, "ముప్పై ఒకటి, పద్దెనిమిది, ముప్పై ఎనిమిది, ఇరవై ఐదు, పద్నాలుగు. పో!" అనెను.

జల్లెడ బాణమై దూసుకొనిపోయెను. నడిమిగది ఆమెను చూచునంతలో ఆమె అందు లేదు. కత్తెర గదిలో నిలిచి, శ్వాస కూడ పీల్చక, "పద్నాలుగు, ఇరవై ఐదు, ముప్పై ఎనిమిది, పద్దెనిమిది, ముప్పై ఒకటి!" అని సింహనాదమొనర్చెను.

నాన్న గీసెను. గీసి, ఒక అడుగు వెనుకకు వేసి, తల వంచి చూచెను.

"ఇదేంటే! ఈ చొక్కా మాస్టారికి బొడ్డు దాకా కూడా రాదు. మెడ ముప్పై ఒకటా? ఈ కాలర్లోంచి మనిషి మొత్తం కిందకి జారిపోతాడు."

"మాస్టారు బళ్లోనే ఉన్నాడా, సర్కస్సులో చేరాడా?" అనెను నడిమిగదినుండి అత్తయ్య. ఇట్టివి వినవలసినప్పుడు ఆమె మిషను దానంతటదియే ఆగును.

"ఛాతీ ఒక్కటే మనిషిలా ఉంది," అని నాన్న గొణిగెను.

జల్లెడ కనులు పెద్దవయ్యెను. "నాన్నా, తిరగేసి చెప్పాను! ఆటలో తిరగేసి చెప్తేనే చప్పట్లు కొడతారు."

"ఇన్నాళ్ల చదువూ ఇదన్నమాట. వెనక్కి నడవడం నేర్పారు దీనికి," అనెను అత్తయ్య.

"నువ్వాగక్కా. అన్నీ గుర్తుపెట్టుకుంది కదా," అని నాన్న ఆ గీతలను గుడ్డతో తుడిచి, అంకెలను తిరగేసి, మాస్టారిని మరల మనిషిగా గీసెను. పిమ్మట కూతురి వైపు చూచెను. "ఇది సర్దుకున్నాం. కానీ నువ్వు తిన్నగా చెప్పావో తిరగేశావో రోజూ నేను పజిలు విప్పుతూ కూర్చోలేను తల్లీ. ఇంకొక్క చొక్కా. అది సరిగ్గా తెచ్చావా, పని నీది. లేదంటే రేపు ఎదురింటి పిల్లని రమ్మంటాను. ఏడవకూడదు మరి."

"ఏడవను," అని జల్లెడ ఏడ్చుటకు సిద్ధముగా నున్న ముఖముతో వాగ్దానము చేసెను.

అంతలో ముందుగది తలుపు పెళ్లున తెరచుకొనెను. ప్రవేశించినవాడు ఆసుపత్రి గేటు కాచు గార్డు. పర్వతాకారుడు, గుబురుమీసాలంకృతుడు, వృషభస్కంధుడు. ఆయన లోనికి రాగా గదిలోని వెలుతురు కొంత బయటకు పోవలసివచ్చెను. అట్టి మహావీరునకు ఒక్కటే బలహీనత. అమ్మ టేపు చంక దగ్గరకు చేరగానే ఆ పర్వతము కంపించెను.

"మెల్లిగా అమ్మా... హిహిహి... అక్కడ వద్దు..."

"కదలకండి గార్డు గారూ. ఇలా ఉంటే దొంగలెలా భయపడతారండీ?"

"దొంగలు గిలిగింతలు పెట్టరు కదమ్మా!"

జల్లెడ ఈ హాస్యమునకు నవ్వలేదు. ఆమె టేపునే చూచుచుండెను. టేపు మొదట నడుము క్రిందికి జారెను, పిదప భుజముపై వాలెను, ఛాతీని చుట్టెను, మణికట్టును తాకెను, మెడను కౌగిలించెను. ఆమె కంతట ఒక మెరుపు మెరసెను. ఇవియును గడులే కదా! ఒకటి వెంట ఒకటి వెలుగు గడులు! ట్యాబు పెద్దదై మీసాలు పెంచినచో గార్డగును. అయినచో ఆ గడులు తన ఒంటిమీద కూడ నుండవలెను. ఏ చోటి అంకెను ఆ చోట దాచుకొని, అదే వరుసలో తాకుకొనుచు పోయినచో తిరగబడుట ఎట్లు?

"ముప్పై," అనెను అమ్మ. జల్లెడ నడుము తాకెను. "ఇరవై." భుజము. "నలభై ఆరు." ఛాతీ. "ఇరవై నాలుగు." మణికట్టు. "పద్దెనిమిది." మెడ. "పో!"

నడుము, భుజము, ఛాతీ, మణికట్టు, మెడ. నడుము, భుజము, ఛాతీ, మణికట్టు, మెడ. ఇట్లు తన్ను తాను తట్టుకొనుచు, పెదవులు కదలించుచు, జల్లెడ నడిమిగది వైపు కదలెను. పాఠకులారా, చొక్కా గుండీలు బిగించుకొనుడు. యుద్ధము మొదలైనది.

మొదటి దెబ్బ వెనుకనుండి పడెను. గార్డుగారి ఫోను మ్రోగెను. ఆయన ఎవరికో, "నంబరు రాసుకో రా. తొమ్మిది, ఏడు, ఏడు, సున్నా, ఎనిమిది..." అని గర్జింపసాగెను. ఆహా, అంకెలపై అంకెల వర్షము! తొమ్మిదులు వచ్చి ముప్పైని త్రోసెను, ఏడులు వచ్చి ఇరవై కాళ్లు లాగెను, ఒక సున్నా దొర్లుకొనివచ్చి నలభై ఆరు ప్రక్కన తిష్ఠవేసి దానిని నాలుగువందల అరవై చేయజూచెను. జల్లెడ రెండు చెవులును భుజములలోనికి దింపి, ఛాతీని గట్టిగా తట్టి, చొరబడిన సున్నాను బయటకు గెంటెను.

అంతట నిలువుటద్దము. ఎంతటివారి నైనను ఒక్కసారి నాలుక చాపి చూడుమని పిలుచు మాయావి అది. జల్లెడ కనులు మూసుకొనెను. కనులు మూసుకొనుటవలన మోకాలు గుడ్డల మూటకు తగిలెను. మూటపై నిద్రించుచున్న పిల్లి, అనగా ఉప్పునకు బదులు వచ్చినది, లేచి ఒళ్లు విరిచి, దారపు రీలొకటి ఆమె పాదములయొద్దకు దొర్లించి, ఆడుదమా అని తల ప్రక్కకు వంచెను. ఆ చూపునకు కరుగని గుండె ఈ భూమిపై ఇంకను తయారు కాలేదు. జల్లెడ గుండె కరిగెను. చేయి మాత్రము నడుము, భుజము, ఛాతీ అని తిరుగుచునే యుండెను.

"ఏమే, దోమలు కుడుతున్నాయా? ఒళ్లంతా అలా కొట్టుకుంటున్నావ్," అని అత్తయ్య మిషను ఆపెను. "ఎలాగూ వచ్చావు, ఈ సూదిలో దారం ఎక్కించి పో."

మాటాడినచో అంకెలు నోటివెంట దుముకును. జల్లెడ తల అడ్డముగా ఊపెను.

"చూశావా తమ్ముడూ, మూగది కూడా అయింది!"

కత్తెర గది గడప కనబడెను. విజయము మూరెడు దూరమున నున్నది. అప్పుడు, కిటికీనుండి, ఎవరును పిలువని, ఎవరికిని బంధువు కాని ఒక ఈగ విచ్చేసి, గగనమున రెండు ప్రదక్షిణములు చేసి, జల్లెడ ముక్కుకొనపై దిగెను.

దిగి, తీరికగా చేతులు రుద్దుకొనెను.

జల్లెడ ముక్కు ముడిచెను. ఈగ కదలలేదు. ఊదెను. ఈగ ఆ గాలికి హాయి నొందెను. నడుము, భుజము, ఛాతీ... ఈగ ఎడమ నాసికాపుటము వైపు విహారము సాగించెను. మణికట్టు... లోకములోని దురదలన్నియు ఒక్క బిందువున గుమిగూడెను. మెడ వైపు పోవలసిన చేయి, తోవ తప్పి, ముక్కుపై ఫట్టున పడెను. ఈగ ఎగిరిపోయెను. జల్లెడ గడప దాటెను.

"చెప్పు," అనెను నాన్న.

"ముప్పై, ఇరవై, నలభై ఆరు, ఇరవై నాలుగు..."

ఆ నాలుగంకెలును తిన్నగా, వరుసగా, గుడ్డపై తెల్లని గీతలై నిలిచెను. నాన్న సుద్ద గాలిలో వేచియుండెను. జల్లెడ మెడ తాకెను. అక్కడేమియు లేదు. మరల తాకెను. మెడ మాత్రమే ఉన్నది.

నడిమిగదిలో మిషను ఆగెను.

"నాన్నా, మెడ మర్చిపోయాను," అనెను జల్లెడ సన్నని గొంతుతో. "మర్చిపోతే పదిహేను అనెయ్యమని అన్న చెప్పాడు. వాడెప్పుడూ అలాగే అనేవాడట. కానీ ఆయన మెడ పదిహేను కాదు నాన్నా. నేను చూశాను. అది చాలా పెద్ద మెడ."

నాన్న చేతిలోని సుద్ద నెమ్మదిగా క్రిందికి దిగెను. ఆయన ముఖమున అనేక సంవత్సరముల చొక్కాలు ఒక్కొక్కటిగా కదలిపోయెను.

"పదిహేను," అనెను నాన్న. "ఎవరొచ్చినా పదిహేనే. పాలబ్బాయికి పదిహేను. బ్యాంకు మేనేజరుకి పదిహేను. ఈ వీధిలో మగాళ్లందరికీ ఒకటే మెడ అనుకున్నాను ఇన్నేళ్లూ!"

"అందుకేనా మీ బావగారు చొక్కా వేసుకున్నప్పుడల్లా నన్ను గుడ్లురిమి చూస్తారు?" అని అత్తయ్య నోరు తెరచెను. "కోపం అనుకున్నాను రా. ఊపిరాడకన్నమాట!"

"వెళ్లి అడిగొస్తా," అని జల్లెడ వెనుకకు పరుగెత్తెను.

ముందుగదిలో గార్డు లేడు. అమ్మ ఒక్కతెయే జాకెట్టు గుడ్డను మడతపెట్టుచుండెను.

"అమ్మా, మెడ ఎంత?"

"మెడ... ఇప్పుడే కదే చెప్పాను. మెడ..." అమ్మ టేపు వైపు చూచెను, కప్పు వైపు చూచెను, చివరకు కూతురి వైపు చూచెను. "అయ్యో రామా. నాకూ గుర్తులేదే."

జల్లెడ అమ్మ మెడలోని టేపును లాగుకొని వీధిలోనికి దూకెను. గార్డు అప్పుడే సైకిలు స్టాండు తీయుచుండెను.

"అంకుల్! వంగండి!"

ఆ స్వరములో నున్న ఆజ్ఞకు ఆసుపత్రి గేటు దగ్గర ఏ పెద్ద డాక్టరునకును వంగని ఆ శిరస్సు వంగెను. నడివీధిలో, వచ్చుపోవు బండ్ల నడుమ, జల్లెడ మునివ్రేళ్లపై నిలిచి, టేపును ఆ వృషభకంఠము చుట్టు వేసెను. గార్డు హిహిహి యని సైకిలును పడవేసెను. పద్దెనిమిది!

ఒక్క అంకె. ఒకే ఒక్క అంకె. పళ్లెమున ఇంకేదియు లేదు. జల్లెడ ఎడమచేతితో తన మెడను, కుడిచేతితో తన ముక్కును గట్టిగా పట్టుకొని, అద్దమును, పిల్లిని, దారమును దాటెను. అత్తయ్య ఈసారి సూది మాట ఎత్తలేదు. పైగా నోటిమీద వ్రేలుంచుకొని, చేతిలోని గుడ్డతో ఈగను తోలుచు దారి యిచ్చెను.

"పద్దెనిమిది!" ముక్కు పట్టుకొనియుండుటచే ఆ విజయఘోష బాతు అరచినట్లు వెలువడెను.

నాన్న వంగి మెడ గీసెను. అర్ధచంద్రాకారమైన ఆ చిన్నగీత, ఏ తుడుపును అక్కరలేక, మొదటిసారికే, ఉండవలసిన చోట ఉండెను.

"రేపట్నుంచి స్కూలు నుంచి రాగానే ముఖం కడుక్కుని నిలబడు," అనెను నాన్న తలయెత్తక. "కొలతలు నీవే. మర్చిపోతే మర్చిపోయానని చెప్పు, ఇవాళ్టిలాగే. నువ్వు పదిసార్లు తిరిగినా ఫర్వాలేదు, పదిహేను మాత్రం అనకు."

"మరి ఎదురింటి పిల్లకి నేనేం చెప్పను? నిన్ను అడక్కుండానే రమ్మని పొద్దున్నే చెప్పేశాను," అనెను అత్తయ్య.

"వాళ్ల నాన్నని పంపమను. కాలరు వదులు చేసిస్తాను."

ఇట్లు ఒక సాయంకాలమున, ఒక గదినుండి మరొక గదికి, పద్దెనిమిది అను అంకె క్షేమముగా చేరెను. దిక్కులు దద్దరిల్లలేదు, మిషను మరల మొదలైనది గనుక దద్దరిల్లినను వినబడియుండదు. ఈ గాథను శ్రద్ధగా చదివినవారు ఇకపై ఏ గదిలోనికి పోయినను తామెందుకు వచ్చిరో మరువరు. మరచినను సిగ్గుపడక, వెనుకకు పోయి, అడిగి వత్తురు.